గోబ్లిన్ మొహం ముద్దయిపోయింది. రిలాక్స్ అవుదామని మొదలుపెడితే టెన్షన్ పట్టుకుంది

లెడ్జర్ బాబు | గుంటూరు | ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్తే. బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. సెప్టెంబరు వచ్చిందంటే టాక్స్ ఆడిట్ల హడావుడి. పడుకున్నా కళ్ళ ముందు డెబిట్లూ క్రెడిట్లే తిరుగుతుంటాయి. మా మేనల్లుడు బెంగళూరులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని చిట్టి చిట్టి బొమ్మలతో ఆడే ఆట ఒకటి ఆడతాడు. పోయిన నెల వచ్చినప్పుడు "మావయ్యా, వీటికి రంగులెయ్యి, బుర్ర చల్లబడుతుంది" అని ఒక డబ్బా ఇచ్చి పోయాడు. అందులో ఆరు గోబ్లిన్లు (చిట్టి రాక్షసులు), రెండు అస్థిపంజరాలు, ఒక మంత్రగాడు, ఒక పిల్ల డ్రాగన్. గోబ్లిన్ నా బొటనవేలి కణుపంత కూడా లేదు.

నిన్న మొదటి గోబ్లిన్ పట్టుకున్నాను. ఫెవిక్రిల్ ఆకుపచ్చ సీసాలోంచి తీసి అలాగే పూసేశాను. ముక్కు లేదు, నోరు లేదు. గోంగూర పచ్చడి ముద్దకి చెవులు మొలిచినట్టుంది. కళ్ళు పెట్టబోతే చెయ్యి వణికి తెల్ల చుక్క చెంప మీదకి జారింది. తుడిస్తే ఇంకా పులుముకుంది. రెండున్నర గంటలు కూర్చుని లేచేసరికి మెడ పట్టేసింది. మా ఆవిడ చూసి "దీనికంటే ఆఫీసు పనే నయం కదండీ" అంది.

ఈ గోబ్లిన్ బతికే దారి ఉందా? ఇంకోటి, ఇది నిజంగా రిలాక్స్ అయ్యే పనేనా, లేక అందరూ ఊరికే అంటారా?

సన్నం మిర్చి | గుంటూరు | ఆదివారం రాత్రి 11:04

గుంటూరోళ్ళమై ఉండి గోంగూరని అలా అవమానించకు బాబాయ్. ఫొటో పెట్టు, చూద్దాం.

లెడ్జర్ బాబు | గుంటూరు | ఆదివారం రాత్రి 11:09

పెట్టను. పరువు పోతుంది.

మినీ మావయ్య | పటమట, విజయవాడ | ఆదివారం రాత్రి 11:47

లెడ్జర్ బాబు గారూ, కంగారు పడకండి. నేను మొట్టమొదట రంగులేసిన ఓర్క్ అనే రాక్షసుడి బొమ్మ ఇప్పటికీ మా బీరువా మీద ఉంది. మా అమ్మాయి చిన్నప్పుడు దాన్ని బెండకాయ అనుకునేది.

మీరు చేసిన తప్పు ఒకటే, నీళ్ళు కలపకపోవడం. ఫెవిక్రిల్, క్యామెల్ లాంటివి బట్టలకీ కుండలకీ కాన్వాసుకీ పనికొచ్చేలా చిక్కగా ఉంటాయి. మన బొమ్మేమో 28 మిల్లీమీటర్లు. ఆటలో పటం మీద ఒక అంగుళం అంటే అసలు లెక్కలో ఐదు అడుగులు, అంటే అరవయ్యో వంతు. మీరు అర మిల్లీమీటరు మందాన రంగు పూశారనుకోండి, అది నిలువెత్తు మనిషి మొహానికి మూడు సెంటీమీటర్ల సిమెంటు ప్లాస్టరింగు చేసినట్టు. ముక్కు ఎక్కడ కనపడుతుంది? ప్యాకెట్ పాలంత పల్చగా చేసుకోండి. మొదటి పూతకి కింద ప్లాస్టిక్ కనిపిస్తుంది, కనిపించనివ్వండి. ఆరాక రెండోది, అవసరమైతే మూడోది.

ఇక అసలు సమస్య మన ఊళ్ళ వాతావరణం. ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే పల్చటి రంగు పళ్ళెంలోనే ఎండిపోతుంది. ఆపితే నుదుటి మీది చెమట గోబ్లిన్ మీద పడుతుంది. దీనికి మందు వెట్ ప్యాలెట్. వందలు పోసి కొనక్కర్లేదు. మూత గట్టిగా పడే మిఠాయి డబ్బా ఒకటి, అందులో తడిపిన వంటింటి స్పాంజి గుడ్డ, దాని మీద బేకింగ్ పేపర్, అంతే. కింద నుంచి తడి ఊరుతూ ఉంటుంది, రంగు గంటల తరబడి ఎండదు. మైనం పూసిన బటర్ పేపర్ మాత్రం తేకండి, నీటిని పైకి రానివ్వదు. కేకుల సామాను అమ్మేచోట అడిగితే సరైనది ఇస్తారు. నాలుగు రోజులకోసారి నీళ్ళు మార్చాలి, లేకపోతే వాసన. ఫ్రిజ్‌లో పెడితే వాసన రాదంటారు. నేనూ పెట్టాను. మా ఆవిడ పుదీనా పచ్చడి అనుకుని మూత తీసింది. తర్వాత సంగతి ఇక్కడ రాయను.

మీ గోబ్లిన్ బతుకుతాడు. చిన్న గాజు సీసాలో డెట్టాల్ పోసి అందులో వేయండి. అవును, దెబ్బలకి రాసే గోధుమరంగు డెట్టాలే. నీళ్ళు అస్సలు కలపొద్దు. ఒక రోజు నాననిచ్చి, గ్లౌజులు తొడుక్కుని, పాత టూత్‌బ్రష్‌తో డెట్టాల్లోనే ముంచుతూ రుద్దండి. రంగంతా ఊడిపోయాకే సబ్బునీళ్ళతో కడగాలి. ముందే నీళ్ళు తగిలితే ఆ ఊడిన రంగు జిగురు ముద్దై సందుల్లో కూర్చుంటుంది. గట్టి ప్లాస్టిక్‌కీ లోహానికీ ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. రెజిన్ (ద్రవాన్ని గట్టిపరచి చేసే ప్లాస్టిక్) బొమ్మలైతే ఎక్కువసేపు నానబెట్టకండి, మెత్తబడొచ్చు.

రిలాక్స్ సంగతి రేపు రాస్తాను, నిద్రొస్తోంది. చూశారా, నాకు పనిచేసింది.

రెజిన్ రాజా | విజయవాడ | సోమవారం ఉదయం 7:20

ఇంత కష్టం దేనికి అన్నా? కాంట్రాస్ట్ పెయింట్లు కొనుక్కోండి. 2019లో సిటడెల్ అనే బ్రాండు వాళ్ళు తెచ్చారు, తర్వాత మిగతా కంపెనీలూ అలాంటివే తెచ్చాయి. తెల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) మీద ఒక్క పూత వేస్తే చాలు. సందుల్లో ముదురుగా, ఎత్తుల మీద లేతగా దానంతటదే సర్దుకుంటుంది. గోబ్లిన్‌కి ఇరవై నిమిషాలు. నా దగ్గర బొమ్మలు చేసే త్రీడీ ప్రింటర్ కూడా ఉంది, గోబ్లిన్లు ఎన్ని కావాలంటే అన్ని ప్రింట్ చేసిస్తాను.

మినీ మావయ్య | పటమట | సోమవారం ఉదయం 8:02

తమ్ముడూ, ఆ ఒక్క సీసా డబ్బుతో బోలెడు ఫెవిక్రిల్ సీసాలొస్తాయి. ఆయన ఇంకా మొదటి గోబ్లిన్ దగ్గరే ఉన్నాడు. పైగా బ్రష్‌లో రంగు ఎంత ఉంచాలో చేతికి తెలియకుండా కాంట్రాస్ట్ వాడితే అది కాస్తా మడుగు కడుతుంది.

రెజిన్ రాజా | విజయవాడ | సోమవారం ఉదయం 8:05

మడుగు కడితే పొడి బ్రష్‌తో పీల్చేయాలి. అంతమాత్రానికి వద్దనడం ఎందుకు?

మినీ మావయ్య | పటమట | సోమవారం ఉదయం 8:11

వద్దనలేదు. తర్వాత అన్నాను.

అర్ధరాత్రి డ్యూటీ | విజయవాడ | సోమవారం ఉదయం 9:40

ఇప్పుడే డ్యూటీ దిగాను. ఐసీయూలో నర్సుని. లెడ్జర్ బాబు గారి రెండో ప్రశ్నకి జవాబు రాయాలనిపించింది.

బీపీ తగ్గుతుంది, అది తగ్గుతుంది, ఇది తగ్గుతుంది అని నేను చెప్పను. బీపీకి మాత్రలున్నాయి. నాకు జరిగింది చెప్తాను. రాత్రంతా మానిటర్లు మోగుతూనే ఉంటాయి. ఇంటికొచ్చి పడుకున్నాక కూడా చెవిలో ఆ బీప్ ఆగదు. ఫోను పట్టుకుంటే గంటన్నర పోతుంది, బీప్ మాత్రం పోదు. బొమ్మ పట్టుకుంటే పోతుంది. ఎందుకంటే అంత చిన్న బెల్టు బకిల్‌కి రంగు వేస్తూ ఇంకో విషయం ఆలోచించడం కుదరదు. ఆలోచిస్తే బ్రష్ పక్కకి పోతుంది.

కానీ మీలా రెండున్నర గంటలు కూర్చుంటే ఎవరికైనా టెన్షనే. నేను ఫోన్లో ఇరవై ఐదు నిమిషాలు అలారం పెట్టుకుంటాను. ఒక రోజు బూట్లు మాత్రమే, ఇంకో రోజు తోలు సంచులు మాత్రమే. మొహం మీద చెయ్యి వేసే రోజు నైట్ డ్యూటీ లేకుండా చూసుకుంటాను. మోచేతులు బల్ల మీద ఆనించండి, రెండు మణికట్లూ ఒకదానికొకటి తగిలించి ఉంచండి, వణుకు సగం అక్కడే పోతుంది. బొమ్మని వేళ్ళతో పట్టుకోకండి. పాత మందు సీసా మూతకి బ్లూ ట్యాక్ అనే జిగురు ముద్దతో అతికించి ఆ సీసాని పట్టుకోండి. బొమ్మని కళ్ళ దగ్గరికి ఎత్తాలి కానీ మెడని బొమ్మ దగ్గరికి వంచకూడదు. మెడ పట్టేయడానికి కారణం అదే. ఇరవై నిమిషాలకోసారి కిటికీలోంచి ఇరవై అడుగుల దూరంలో ఏదైనా ఇరవై సెకన్లు చూడండి. మా కిటికీకి ఎదురుగా ఒక మామిడి చెట్టు ఉంది, నాకు అది చాలు.

ఎర్ర బస్సు | ఊరు రాయలేదు | సోమవారం మధ్యాహ్నం 1:15

నలభైకి దగ్గరపడ్డ మనుషులు కూర్చుని రాక్షసుల బొమ్మలకి రంగులేసుకోవడం! పిల్లలకి కొనివ్వాల్సింది పోయి. పనీపాటా లేనివాళ్ళ చర్చ.

సన్నం మిర్చి | గుంటూరు | సోమవారం మధ్యాహ్నం 1:18

పనీపాటా ఉన్న మీరు మధ్యాహ్నం ఒంటిగంటకి ఇదంతా చదివారు చూడండి, అదీ విశేషం.

డ్రాయింగ్ టీచర్ | సత్యనారాయణపురం, విజయవాడ | సోమవారం సాయంత్రం 5:30

ఎర్ర బస్సు గారూ, నేను ముప్పై ఒక్కేళ్ళు డ్రాయింగ్ చెప్పి రిటైర్ అయ్యాను. మా ఇంట్లో ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. మా అత్తగారు ఎనభై ఒకటో ఏట కూడా కొలువు ముందు కూర్చుని, రంగు వెలిసిన మట్టి బొమ్మలన్నిటికీ మళ్ళీ రంగులు దిద్దుకునేవారు. ఆవిడని ఎవరూ ఏమీ అనలేదు. దేవుడి బొమ్మ అయితే పెద్దరికం, రాక్షసుడి బొమ్మ అయితే చిన్నతనమా? మన పురాణాల్లో మాత్రం రాక్షసులకి కరువా? మా కొలువు మూడో మెట్టు మీద పోయినేడు మా మనవడి ఓగర్ బొమ్మ నిలబడింది. పేరంటానికి వచ్చినవాళ్ళు బకాసురుడు బాగున్నాడన్నారు. మేమూ కాదనలేదు.

లెడ్జర్ బాబూ, నీకు ఒక్క మాట. ముందు వెలుగు ఎటు నుంచి పడుతోందో నిర్ణయించుకో నాయనా. పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ అదే. రంగు గురించి ఆలోచిస్తారు, వెలుగు గురించి ఆలోచించరు. బొమ్మని దీపం కింద పెట్టి ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీసుకుని చూడు. ఎక్కడ తెల్లగా ఉందో అక్కడ లేత రంగు, ఎక్కడ నల్లగా ఉందో అక్కడ ముదురు.

మినీ మావయ్య | పటమట | సోమవారం సాయంత్రం 6:10

టీచర్ గారు చెప్పినదాన్నే మావాళ్ళు జెనితల్ అంటారు. మొదట నల్ల ప్రైమర్ అంతటా కొట్టి, ఆరాక పైనుంచి ఏటవాలుగా తెల్ల ప్రైమర్ కొడతారు. ఎండ పడినచోట తెలుపు, చంకల్లో నలుపు మిగులుతుంది. దాని మీద పల్చటి రంగు వేస్తే వెలుగునీడలు దానంతటవే వస్తాయి.

స్ప్రే లేనివాళ్ళకి ఇంకా సులువు దారి ఉంది. నల్లగా పూసి, ఆరాక తెల్ల రంగుతో డ్రై బ్రష్ చేయడం. బ్రష్‌ని రంగులో ముంచి, పాత బట్ట మీద రంగు దాదాపు పోయేదాకా తుడిచి, అప్పుడు బొమ్మ మీద తేలిగ్గా ఆడించాలి. ఎత్తుగా ఉన్న అంచులకే అంటుతుంది. దీనికి మంచి బ్రష్ తగలేయకండి. బీసెంట్ రోడ్డులో దొరికే చవక మేకప్ బ్రష్, బొద్దుగా గుండ్రంగా ఉండేది, దీనికి బ్రహ్మాండంగా ఉంటుంది. మా ఆవిడది ఒకటి పోయింది. తను ఈ చర్చ చదవదు కాబట్టి రాస్తున్నాను.

రెజిన్ రాజా | విజయవాడ | సోమవారం రాత్రి 9:25

స్ప్రే మాట వచ్చింది కాబట్టి నా ఏడుపు కూడా వినండి. ఆగస్టులో వాన వెలిసిన సాయంత్రం మేడ మీద ఎనిమిది బొమ్మలకి మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టాను. పొద్దున చూస్తే ఎనిమిదీ బూజు పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. మూడు వారాల పని.

మినీ మావయ్య | పటమట | సోమవారం రాత్రి 9:50

గాలిలో తేమ వార్నిష్‌లో చిక్కుకుంటే అలా మసక పడుతుంది. పారేయకు. బ్రష్‌తో గ్లాసీ (నిగనిగలాడే) వార్నిష్ ఒక పూత వెయ్యి, చాలాసార్లు ఆ తెలుపు మాయమవుతుంది. తర్వాత కావాలంటే మ్యాట్ వేసుకోవచ్చు, అదీ బ్రష్‌తోనే.

మన దగ్గర స్ప్రేకి ఏడాదిలో మంచి రోజులు తక్కువ. వానల్లో మసక. మే నెల ఎండలో ఇంకో తంటా, రంగు గాలిలోనే ఆరి బొమ్మ మీద బొంబాయి రవ్వ చల్లినట్టు గరుగ్గా పడుతుంది. చలిదేశాల వీడియోల్లో డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో ఉంచమంటారు. ఇక్కడ ఆ పని చేయకండి, మన డబ్బాలు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. ఎండలో అయితే అసలు వదలకండి, పేలుతుంది. డిసెంబరు, జనవరుల్లో మంచు విడిచాక పది గంటలకి నేను ఏడాది మొత్తానికి ప్రైమర్ కొట్టేసుకుంటాను. ఈలోపు బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడండి. కొన్ని కంపెనీల బొమ్మలు ముందే ప్రైమర్ వేసి వస్తాయి, లెడ్జర్ బాబు గారివి అలాంటివైతే ప్రైమర్ వేయక్కర్లేదు. ఒకసారి సబ్బుతో కడిగి మొదలుపెట్టేయొచ్చు.

రాజా, నువ్వు ప్రింట్ చేసిచ్చే గోబ్లిన్లకి ముందుగా ఒక మాట. గట్టిపడని రెజిన్ చేతికి తగలనివ్వకు, ఒకసారి అలర్జీ పట్టుకుంటే వదలదు. ప్రింటయ్యాక బొమ్మల్ని కడిగిన ఆల్కహాల్ సింకులో పారబోయకు.

రెజిన్ రాజా | విజయవాడ | సోమవారం రాత్రి 9:58

గ్లౌజులు వేసుకుంటా అన్నా. కడిగిన ఆల్కహాల్ గాజు సీసాలో ఎండలో పెడతా, అందులో కలిసిన రెజిన్ గట్టిపడి అడుగున దిగుతుంది. మన ఎండకి వేరే యూవీ లైటే అక్కర్లేదు.

సన్నం మిర్చి | గుంటూరు | మంగళవారం రాత్రి 8:45

అందరూ ఆకుపచ్చ గొడవలో ఉన్నారు, నా ఎరుపు గొడవ ఎవరూ అడగలేదు. నేను మిర్చి యార్డులో కమిషన్ కొట్లో ఉంటాను. రోజూ వేల టిక్కీలు (మిర్చి బస్తాలు) చూస్తాను, ఎరుపు మీద నాకు అధికారం ఉందనుకునేవాణ్ణి. మంత్రగాడి అంగీకి ఎరుపు వేయబోయాకే తెలిసింది అదెంత మొండి రంగో. ఐదు పూతలు వేసినా కింద బూడిద రంగు కనపడుతూనే ఉంది. పసుపు కూడా ఇంతే. తర్వాత ఎవరో చెప్పారు, ముందు గులాబీ రంగు ఒక పూత వేసి దాని మీద ఎరుపు వెయ్యమని. రెండు పూతల్లో కప్పేసింది.

ఇంకా ఒకటి నేనే కనిపెట్టాను. ఎరుపు మీద వెలుగు చూపించాలని అందులో తెలుపు కలిపాను. అంగీ మొత్తం తాలు కాయ అయిపోయింది! యార్డులో తాలు అంటే రంగు చచ్చి పాలిపోయిన కాయ, దాని ధర ఎంతో మీకు తెలుసు. అప్పుడు సంచీలోంచి మంచి కాయ ఒకటి తీసి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. వెలుగు పడినచోట నారింజ రంగు. ముడత లోపల నలుపు కాదు, నేరేడు పండులా ముదురు. అలాగే వేశాను. మా గుమాస్తా చూసి "తేజా రకమా అండీ" అన్నాడు.

డ్రాయింగ్ టీచర్ | సత్యనారాయణపురం | మంగళవారం రాత్రి 9:10

నూటికి నూరు మార్కులు. ఎదురుగా వస్తువు పెట్టుకుని చూడమని ముప్పై ఒక్కేళ్ళు మొత్తుకున్నాను, ఎవరైనా చూస్తేనా!

అర్ధరాత్రి డ్యూటీ | విజయవాడ | మంగళవారం రాత్రి 9:32

మిర్చి అన్నా, ఆ అంగీకి అంచు వేశావా? నేను నా మంత్రగత్తె పైటకి మంగళగిరి జరీ అంచు వేశాను. వరుసగా త్రికోణాలు. మొదట ముదురు పసుపు గీత లాగి, దాని మీద వంకరటింకరగా త్రికోణాలు పెట్టి, తర్వాత చీర రంగుతోనే పక్కల నుంచి కోసుకుంటూ వచ్చాను. చక్కగా గీయలేకపోయినా చక్కగా కొయ్యొచ్చు. చివర్లో లేత పసుపు చుక్కలు. అంగుళం బొమ్మ మీద ఎవరూ లెక్కపెట్టరు కదా.

లెడ్జర్ బాబు | గుంటూరు | బుధవారం ఉదయం 6:50

నేను లెక్కపెడతాను మేడమ్, అలవాటు.

డెట్టాల్ పనిచేసింది! గోబ్లిన్‌కి ముక్కు ఉంది, రెండు కోరలు కూడా ఉన్నాయి. ఇన్నాళ్ళూ తెలియలేదు. మా అమ్మ మాత్రం నిన్నంతా ఇల్లు తిరుగుతూ "ఎవరికి దెబ్బ తగిలిందిరా, చెప్పకుండా దాస్తున్నారు" అని ఒకటే గోల. సీసాలో తేలుతున్న గోబ్లిన్‌ని చూపించాక ఇంకా భయపడింది.

నిన్న రాత్రి ఇరవై ఐదు నిమిషాలే కూర్చున్నాను. పాలంత పల్చటి ఆకుపచ్చ ఒక్క పూత. అలారం మోగితే లేవబుద్ధి కాలేదు.

పొణికి | కొండపల్లి | బుధవారం రాత్రి 9:15

రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మాది బొమ్మల కుటుంబం. మా నాన్న, పెద్దనాన్న, తాత అందరూ అదే పని. నేను మాత్రం డిప్లొమా చదివి ఇబ్రహీంపట్నం వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్నాను.

మీరు ప్రైమర్ అంటున్నదాన్ని మా ఇంట్లో సుద్ద అంటారు. తెల్ల పొణికి కర్రని ఎండబెట్టి, సన్నటి సెగ మీద లోపలి తేమంతా పోయేదాకా కాస్తారు. చేతులు, తల, ఏనుగు తొండం వేటికవి విడిగా చెక్కుకుంటారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు అవుతుంది, దానితో అతికి, అతుకు కనపడకుండా పూడుస్తారు. మీ వాళ్ళు సందులకి పెట్టే పుట్టీ పనే అది. తర్వాత సుద్ద, ఆ మీద రంగు. సన్న గీతలకి మేక వెంట్రుకల కుంచె.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఇచ్చిన పని, తాటిచెట్టు బొమ్మ ఆకులకి ఆకుపచ్చ వేయడం. ఒక చెట్టుకి కాదు, డజన్ల లెక్క. బడి నుంచి రాగానే పలక పక్కన పెట్టి కూర్చునేవాణ్ణి. కొలువుల కాలం వస్తే రాత్రి పది దాకా. ఇప్పటికీ ఎనామిల్ వాసన వస్తే నాకు హోంవర్క్ చెయ్యలేదన్న భయం వేస్తుంది. అందుకే ఇక్కడ మొదటి పోస్టులో రిలాక్స్ అన్న మాట చూడగానే, నిజం చెప్పాలంటే, కోపం వచ్చింది. రంగులేసి చెయ్యి లాగేసిన మనుషుల్ని చూసినవాణ్ణి నేను.

పోయినేడు మా షిఫ్టులో కుర్రాడొకడు ఒక అస్థిపంజరం బొమ్మ ఇచ్చాడు, ఇలాంటిదే, చేతిలో కత్తీ డాలూ. సరదాకి వేశాను. మూడు రాత్రులు పట్టింది. ఎముకకి ఒక రంగు, సందుల్లోకి పల్చటి గోధుమరంగు వాష్, కత్తికి తుప్పు. మూడు రాత్రుల్లో పాత లెక్కన నేను ఎన్ని తాటిచెట్లు వేసేవాణ్ణో! ఎవరూ అడగలేదు, ఎవరూ ఎదురుచూడలేదు. అది నాకు చాలా వింతగా అనిపించింది.

నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి "డజను ఎంతకిస్తావ్?" అన్నాడు. ఒక్కటే వేశాను నాన్నా అన్నాను. "ఒక్కటే అయితే ఎందుకు వేశావ్?" నా దగ్గర జవాబు లేదు. బొమ్మని గూట్లో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే డాలు మీద పసుపు పువ్వు ఉంది. ఎనిమిది రేకులు, ఒక్కోటీ ఒక్క దెబ్బకి వేసినవి. ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

సన్నం మిర్చి | గుంటూరు | బుధవారం రాత్రి 9:40

అన్నా. ఫొటో పెట్టన్నా.

పొణికి | కొండపల్లి | బుధవారం రాత్రి 9:52

పెట్టాను, చూడండి. పువ్వు దగ్గర ఫోను సరిగా ఫోకస్ అవ్వలేదు.

మినీ మావయ్య | పటమట | బుధవారం రాత్రి 10:20

నేను పదకొండేళ్ళుగా వేస్తున్నాను. ఆ రేకుల్లాంటిది ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. అది ఎలా వేస్తారో చెప్పండి దయచేసి.

పొణికి | కొండపల్లి | గురువారం ఉదయం 5:45

కుంచె పొట్ట నిండా రంగు ఉండాలి, మొన మాత్రం సూదిలా ఉండాలి. మొన ఆనించి, కొద్దిగా నొక్కి, లాగుతూ ఎత్తేయాలి. నొక్కినచోట లావు, ఎత్తినచోట సన్నం. గీయకూడదు, వదలాలి. ముందు కాగితం మీద వంద వెయ్యండి. మీరు చాలామంది మరీ సన్న కుంచెలు వాడతారు, సున్నా కింద సున్నాలు. వాటిలో రంగు నిలవదు, మొన చేరేలోపే ఎండిపోతుంది. ఒకటో నంబరు చాలు, మొన మంచిదైతే.

లెడ్జర్ బాబు | గుంటూరు | గురువారం రాత్రి 10:05

పొణికి గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. మీకు కోపం రావడంలో తప్పేం లేదు.

ఒక డౌటు. కళ్ళు ముందు పెట్టాలా, చివర పెట్టాలా?

మినీ మావయ్య | పటమట | గురువారం రాత్రి 10:12

ముందు. చర్మం రంగు వేయగానే కళ్ళు. పాడైతే చుట్టూ మళ్ళీ చర్మం రంగు దిద్దేసుకోవచ్చు.

పొణికి | కొండపల్లి | గురువారం రాత్రి 10:30

మా ఇంట్లో చివర. కళ్ళు పెట్టాక ఇక బొమ్మని ముట్టుకోరు. కానీ మాది అరచేయంత బొమ్మ, మీది గింజంత తల. లెడ్జర్ గారు మావయ్య గారు చెప్పినట్టే చేయండి. ముందు ముదురు గోధుమరంగు గీత, దాని మధ్యలో తెలుపు కొంచెం, ఆ మీద నల్లగుడ్డు. నల్లగుడ్డుని చుక్కలా పెట్టకండి, పై రెప్ప నుంచి కింది రెప్ప దాకా నిలువు గీతలా లాగండి. చుక్క పెడితే దయ్యాన్ని చూసి జడుసుకున్నట్టు ఉంటుంది. ఊపిరి వదిలేసి, మళ్ళీ పీల్చుకునే లోపు పెట్టండి.

రెజిన్ రాజా | విజయవాడ | గురువారం రాత్రి 10:33

గోబ్లిన్ అయితే తెల్లగుడ్డే అక్కర్లేదు, మొత్తం పసుపో ఎరుపో వేసేయొచ్చు. గోబ్లిన్ కదా.

లెడ్జర్ బాబు | గుంటూరు | శనివారం రాత్రి 11:20

అయిపోయాడు. ఈసారి ఫొటో పెడుతున్నాను. కళ్ళు పసుపే వేశాను, రాజా మాట విని. ఎడమ కన్ను కాస్త పైకి పోయింది, వదిలేశాను. కింద బేస్‌కి ఫెవికాల్ రాసి, మొన్న అమరావతి వెళ్ళినప్పుడు తెచ్చిన కృష్ణ ఇసుక టీ వడకట్టుతో జల్లించి చల్లాను. ఆరాక గోధుమరంగు, దాని మీద లేత రంగు డ్రై బ్రష్. ఇసుక అచ్చం రాళ్ళ నేలలా ఉంది.

మా ఆవిడ వెనక నిలబడి చూసి "చెవికి పోగు పెట్టండి, బోసిగా ఉంది" అంది. పెట్టాను. రెండో గోబ్లిన్‌కి ఏ రంగు బెల్టో తనే చెప్తానంది. ఇంకా ఐదుగురున్నారు. సెప్టెంబరు ముప్పై దాటాకే డ్రాగన్.

డ్రాయింగ్ టీచర్ | సత్యనారాయణపురం | ఆదివారం ఉదయం 8:15

ఎడమ కన్ను పైకి పోయినందుకే వాడికి కాస్త పొగరొచ్చింది, ముట్టుకోకు.

వచ్చే నెల రెండో ఆదివారం మా ఇంటి వరండాలో అందరూ కూర్చోవచ్చు. బల్లలున్నాయి, టిఫిను నేను చూసుకుంటాను. పొణికీ, మీ నాన్నగారు వస్తానంటే కారు పంపిస్తాను. రంగులెయ్యమని అడగను, ఊరికే వచ్చి కూర్చుంటే చాలు. చిరునామా మెసేజ్‌లో పంపుతాను.

పొణికి | కొండపల్లి | ఆదివారం ఉదయం 10:40

అడిగాను మేడమ్. "అక్కడ డజను ఎంతకి కొంటారు" అన్నాడు. వస్తాడనే అనుకుంటున్నాను, కుంచెలు కడిగి పెట్టుకున్నాడు.

సన్నం మిర్చి | గుంటూరు | ఆదివారం ఉదయం 10:44

నేనూ లెడ్జర్ బాబాయ్ ఒకే బండి మీద వస్తాం. టీచర్ గారూ, వరండాలో ఫ్యాన్ ఉందా?

డ్రాయింగ్ టీచర్ | సత్యనారాయణపురం | ఆదివారం ఉదయం 11:02

ఉంది. రెగ్యులేటర్ పాడై ఎప్పుడూ ఐదు మీదే తిరుగుతుంది. ఎవరి మిఠాయి డబ్బా వాళ్ళు తెచ్చుకోండి.